కాలు పెడితే చిమ్మే బండ

వానాకాలంలో మా ఇంటికొచ్చే చుట్టాలకు గేటు దగ్గరే ఒక మాట చెప్పాల్సి వచ్చేది: "ఆ మూడో బండ మీద కాలు పెట్టకండి." పెట్టారా, బండ ఒకవైపు టక్కుమని దిగేది. రెండోవైపు సందులోంచి బురదనీళ్లు పిచికారీ కొట్టినట్టు లేచి పంచెల మీదా, చీర కుచ్చిళ్ల మీదా పడేవి. వాన వెలిసి రెండు రోజులై, బండ పైన పొడిపొడిగా ఎండిపోయినా సరే, కింద దాచుకున్న నీళ్లను మాత్రం కక్కేది.

మా ఇల్లు శంకర్‌పల్లి దాటాక. గేటు నుంచి వరండా దాకా, కారు వచ్చి ఆగేట్టు, తాండూరు బండలు పరిపించాం. పక్కింటివాళ్లూ అదే వారం పరిపించారు. కిరాయి కలిసొస్తుందని ఇద్దరం ఒకే లారీలో రాయి తెప్పించుకున్నాం. రెండు వానాకాలాలు గడిచేసరికి మా వాకిలి ఎక్కడ అడుగు వేస్తే అక్కడ ఊగుతోంది. వాళ్లది పరిచిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. రాయి ఒకటే, వాన ఒకటే, ఎండ ఒకటే. తేడా ఎక్కడుంది?

చివరికి ఒక పాలమూరు మేస్త్రిని పిలిపించాను. ఆయన బండల్ని చూడనే లేదు. గొంతుక్కూర్చుని, తాపీ పిడితో ఒక్కో బండనీ తడుతూ, చెవి ఒగ్గి వింటూ పోయాడు. కొన్ని 'ఠంగ్' అన్నాయి. ఎక్కువ భాగం ఖాళీ డబ్బాలా డొల్లగా పలికాయి. లేచి చేతులు దులుపుకుంటూ, "సార్, మీరు బండకు పైసలు పెట్టిన్రు. మన్నుకు పెట్టలే" అన్నాడు.

బండ కాదు, పంపు

చిమ్మిన నీళ్ల సంగతి ముందు చూద్దాం. వాననీళ్లు సందుల గుండా దిగి బండ కింద ఖాళీలో చేరతాయి. బండ కొంచెమైనా ఊగేదైతే, కాలు పెట్టగానే ఆ ఖాళీ ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. నీళ్లు నలగవు కాబట్టి దారి వెతుక్కుంటాయి, దొరికిన సందులోంచి వేగంగా బయటికి దూకుతాయి. బోరింగు పంపులో జరిగేదీ దాదాపు ఇదే.

నీళ్లు ఒక్కటే దూకితే పెద్ద నష్టం లేదు. బురదగా వస్తున్నాయంటే తమతోపాటు కింది మట్టినీ, సన్న ఇసుకనూ మోసుకొస్తున్నాయన్నమాట. ఒక్కో అడుగుకూ చెంచాడు మట్టి పోయినా, ఖాళీ అంత పెరుగుతుంది. ఖాళీ పెరిగితే బండ ఇంకా ఊగుతుంది, ఊగితే ఇంకా చిమ్ముతుంది. రోగమే తనకు తిండి పెట్టుకుంటూ పెరిగే తీరు ఇది. రైలు పట్టాల పక్కన అక్కడక్కడా స్లీపర్ల చుట్టూ కంకర మీద బురద పేరుకుని కనిపిస్తుంది. అక్కడ జరిగేదీ ఇదే. ఇంజనీర్లు కూడా దాన్ని 'పంపింగ్' అనే అంటారు.

కాబట్టి ఊగే బండను పైనుంచి సిమెంటు మెత్తి ఆపాలని చూడటం వృథా. నేను రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నెలలోపే పగిలింది.

కారు బరువును ఎవరు మోస్తారు?

మామూలు కారు పన్నెండు వందల నుంచి పదిహేను వందల కిలోలు ఉంటుంది. ఒక్కో చక్రం మీద సుమారు మూడున్నర వందల కిలోలు. ఆ చక్రం నేలను తాకేది ఎంత మేర? టైరులో గాలి ఒత్తిడిని బట్టి లెక్క వేస్తే, ఇంచుమించు వేళ్లతో సహా అరచెయ్యంత. ఏడు బియ్యం బస్తాలను అరచెయ్యంత చోట నిలబెట్టినట్టు.

బండ కింద అరడుగు మందాన కంకరా మొరమూ కలిపి గట్టిగా కూరి ఉంటే, ఈ బరువు సూటిగా కిందికి దిగదు. పైనున్న ఒక్కో రాయి తన భారాన్ని కింద ఆనుకున్న రెండు మూడు రాళ్లకు పంచుతుంది, అవి మరికొన్నింటికి. గోపురం మీది నుంచి కిందికి వచ్చేకొద్దీ వెడల్పయినట్టు, భారం కూడా దిగేకొద్దీ వెడల్పవుతుంది. అరడుగు లోతుకు చేరేసరికి మట్టి మీద పడే ఒత్తిడి సుమారు ఐదో వంతుకు తగ్గుతుంది. బండ అసలు పని బరువు మోయడం కాదు. కాలికీ చక్రానికీ చదునైన ముఖం ఇవ్వడం, అరుగుదలను తట్టుకోవడం. మోసేది కింది పొర, ఆఖరికి నేల.

స్కాట్లండ్‌లో పుట్టిన జాన్ లౌడన్ మెకాడం రెండు వందల ఏళ్ల కిందట రోడ్ల గురించి వాదించింది ఇదే. బరువు మోసేది నేలే, దాన్ని పొడిగా ఉంచగలిగితే ఎంతైనా మోస్తుంది, పైన వేసే రాతిపొర నేలకు కప్పు లాంటిది అన్నాడు. అంతకుముందు అడుగున పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చి రోడ్డు వేసేవారు. ఆయన వాటిని తీసేయించి, చిన్నగా కొట్టిన కంకరను కూరించాడు. ఆర్ అండ్ బీ వాళ్లు నేటికీ వాడే 'వాటర్ బౌండ్ మెకాడం' అనే మాటలో ఉన్నది ఆయన పేరే.

మా వాకిట్లో కంకర లేదు. కింద దున్నినట్టు వదులుగా ఉన్న మట్టి, దాని మీద రెండంగుళాల క్రషర్ డస్టు, అంతే. కాంట్రాక్టరును అనడం సులువే గానీ, "మొరం వేస్తే ఇంకో రెండు ట్రిప్పులవుతుంది" అని ఆయన అన్నప్పుడు వద్దన్నది నేనే.

నల్లరేగడి ఊపిరి

పైగా మాది నల్లరేగడి. ఎండాకాలంలో చేతి మణికట్టు దూరేంత నెర్రెలు విచ్చే నేల, వానలకు ఉబ్బి చెప్పుల్ని ఊడలాక్కునే నేల. కందికీ పత్తికీ బంగారమే. కింద దన్నుగా నిలవమంటే మాత్రం మాట మీద ఉండదు.

ఎందుకు? తడిసిన పుస్తకాన్ని గుర్తు తెచ్చుకోండి. ఒక్కో కాగితం మధ్యకీ నీళ్లు చేరి, అంగుళం పుస్తకం రెండంగుళాలవుతుంది. రేగడిలోని బంకమట్టి ఖనిజం కూడా కంటికి కనిపించనంత పలచని రేకుల కట్టే. రేకుల మధ్యకు నీళ్లు దూరితే కట్ట ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గుప్పెడు మట్టిలో ఇలాంటి రేకులు లెక్కలేనన్ని. అవన్నీ ఒకేసారి ఉబ్బితే వాటి మీదున్న బండ ఎంత? గోడలే బీటలిస్తాయి.

ఇందులో ఒక తిరకాసుంది. పరిచిన బండల నడిమి భాగం కింద మట్టిలో తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు. పైన కప్పు ఉంది కాబట్టి ఎండ తగలదు, నీళ్లూ తక్కువే దిగుతాయి. మారేది అంచుల్లో. అందుకే వాకిళ్లలో ముందు కదిలేవి అంచు బండలు, పూలమొక్కలకు రోజూ నీళ్లు పోసే వైపు బండలు. మా మూడో బండ పక్కన ఉన్నది నందివర్ధనం పాదు.

దీనికి మందు కనిపెట్టినవారిలో ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె.కట్టి ముఖ్యులు. 1970లలో ఆయన నల్లరేగడి మీద చాలా ప్రయోగాలు చేశారు. ఆ నేల ఉబ్బేదంతా దాదాపు పై మీటరులోనే అని, దాని కింద మట్టి తడిసినా అంతగా కదలదని గమనించారు. అయితే ఆ పై పొరను తీసేసి, జిగురు ఉండీ ఉబ్బని మట్టిని అక్కడ కూరితే సరి అన్నారు. ఇసుక పోస్తే పని జరగదు, దానికి జిగురు లేదు కనుక. మన ఎర్ర మొరంలో మంచి రకం సరిగ్గా ఈ కొలతకు వస్తుంది. కాలువల లైనింగు పగలకుండా ఇంజనీర్లు ఈ పద్ధతినే వాడుతున్నారు. ఇంటి వాకిలికి మీటరు తవ్వేవాళ్లు ఎవరూ ఉండరు. అడుగు తవ్వి మొరం నింపినా కుదుపు బాగా తగ్గుతుంది. పక్కింటాయన చేసింది అదే. ఆయన కట్టి పేరు విని ఉండరు. వాళ్ల నాన్నగారు చెప్పారట.

> సున్నుండ పరీక్ష
>
> మొరం పోస్తే చాలదు, కూరాలి. కూరడానికి నీళ్లు కావాలి. ఎన్ని?
>
> సున్నుండలు చుట్టినవాళ్లకు జవాబు తెలుసు. నెయ్యి తక్కువైతే పిండి చేతిలో రాలిపోతుంది. ఎక్కువైతే ఉండ నిలవక జారిపోతుంది. సరిపడా ఉంటేనే గట్టిగా అంటుకుంటుంది. మట్టిలోనూ అంతే. తేమ చాలకపోతే రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని దగ్గరికి రావు. మరీ ఎక్కువైతే వాటి మధ్య చోటంతా నీళ్లే ఆక్రమిస్తాయి, ఎంత కొట్టినా నలగవు. 1933లో రాల్ఫ్ ప్రోక్టర్ అనే అమెరికన్ ఇంజనీరు డ్యాముల కట్టల కోసం ఈ 'సరిపడా'ను కొలిచే పద్ధతి చెప్పాడు. నేటికీ ప్రపంచమంతా అదే పరీక్ష.
>
> ఇంటి దగ్గర ప్రయోగశాల అక్కర్లేదు. తడిపిన మొరం గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ఉండ కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు. రెండు వేళ్లతో విరిస్తే రెండు ముక్కలవ్వాలి, పొడి కాకూడదు. అప్పుడు నాలుగైదు అంగుళాల పొర చొప్పున వేసి దిమ్మిసతో గానీ యంత్రంతో గానీ కొట్టాలి. అడుగు మందం ఒకేసారి పోసి కొడితే పైన గట్టిపడి కింద వదులుగానే ఉంటుంది. దెబ్బ అంత లోతుకు దిగదు.

అయిదు ముద్దల మోసం

బండలు లేపినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఒక్కో బండ కింద మాలు పూర్తిగా పరిచి లేదు. నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, అయిదు ముద్దలు పెట్టి దాని మీద బండ కూర్చోబెట్టారు. పనివాడికి ఇది సుఖం. రబ్బరు సుత్తితో ఏ మూల తడితే ఆ మూల దిగుతుంది, రసమట్టం చిటికెలో సరిపోతుంది. మాలు కూడా సగం మిగులుతుంది. ముద్దల మధ్య ఖాళీల్లో చీమలు ఇసుక తోడి పుట్టలు పెట్టాయి. మేస్త్రి విన్న డొల్ల చప్పుడు అదే.

అలా కూర్చోబెట్టిన బండ నేల మీద లేదు, అయిదు కాళ్ల పీట అయింది. ముద్దకూ ముద్దకూ నడుమ చక్రం ఎక్కితే పలక వంగుతుంది. వంగినప్పుడు పైముఖం నొక్కుకుపోతుంది, అడుగు ముఖం సాగుతుంది. రాయి నొక్కుడుకు ఎంతైనా తట్టుకుంటుంది, సాగదీస్తే మాత్రం అందులో పదో వంతు కూడా ఓర్చుకోదు. పగులు అడుగున పుట్టి పైకి వస్తుంది, మనకు కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది. మన రాతి మంటపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉండటానికీ ఒక కారణం ఇదే. రాతి దూలం ఎక్కువ దూరం వంతెనలా నిలవలేదు.

మందం గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకోవచ్చు. మందం రెట్టింపైతే వంపును తట్టుకునే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ముప్పావు అంగుళం బండకూ అంగుళంన్నర బండకూ ఉన్న తేడా అది. నడిచే చోట సన్న బండ చాలు. కారెక్కే చోట దాన్ని వేసి పొదుపు చేశామనుకుంటే పొరపాటు.

ఇక అంటుకోవడం. పొరల రాయి అడుగు ముఖం నున్నగా ఉంటుంది, పైగా కోతపొడి పట్టి ఉంటుంది. పొడి మీద మాలు వేస్తే మాలు పొడికి అంటుకుంటుంది, రాయికి కాదు. బండను కడిగి, తడిగా ఉండగానే అడుగున సిమెంటు పాలు పూసి, పచ్చి మాలు మీద పూర్తిగా ఆనేట్టు కూర్చోబెడితేనే రెండూ ఒకటవుతాయి. మొదటిసారి మా ఇంట్లో సిమెంటు పాలు పూసినట్టు నాకు గుర్తు లేదు. లేపిన బండల అడుగులు అద్దంలా ఉన్నాయి.

ఈ రాయి పలకలుగా ఎందుకు విడుతుంది?

తాండూరు, షాబాదు బండలు, బేతంచెర్ల, కడప నాపరాళ్లు అన్నీ సున్నపురాయి కుటుంబమే. యాభై కోట్ల ఏళ్లకు పైగా వెనక, ఇక్కడ లోతు తక్కువ సముద్రాలు ఉన్నప్పుడు, అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుంది. పొరకూ పొరకూ మధ్య కొంచెం బంకమట్టి చేరింది. తరవాత అంతా రాయైంది గానీ, ఆ బంకమట్టి గీతలు బలహీనంగానే మిగిలాయి. క్వారీలో మేకులు వరసగా దిగగొట్టి తడితే రాయి సరిగ్గా అక్కడే విడుతుంది. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి నార్జి అనే ఊరి పేరునే భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి పలకల సున్నపురాయికి పెట్టారు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతిపొరల మీద రాసిన సర్వే గ్రంథం నుంచి ఈ పొరల కథ పుస్తకాలకెక్కింది.

మనకు వరమైన ఆ గీతలే ఒక్కోసారి శాపం. రాయిలో ఇంకా విడని పొర మిగిలి ఉంటే, నాలుగు వానలకు పైపొర చెక్కులు లేస్తుంది. కొనేటప్పుడు బండను నిలబెట్టి తట్టి వినడం పాతవాళ్ల చాదస్తం కాదు. లోపల విడిన పొర ఉంటే మోత తేడాగా వస్తుంది.

కడప నల్లరాయి ఇంగ్లండు పెరళ్ల దాకా వెళ్లింది. అక్కడ అది కొన్నాళ్లకే బూడిదరంగుకు తిరుగుతుందని కొన్నవాళ్లు గగ్గోలు పెడతారు. వాన నీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి చిటికెడు పులుపు ఉంటుంది. ఆ పులుపు సున్నపురాయి నున్నని ముఖాన్ని సన్నగా కొరుకుతుంది. గరుకైన ముఖం వెలుగును అన్నివైపులా చెదరగొట్టడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. బకెట్టు నీళ్లు పోసి చూడండి, గరుకు పూడి నలుపు తిరిగి వస్తుంది, ఆరేదాకా. అక్కడ ఇంకో గండం మంచు. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, రాయి సందుల్లో తడి ఉంటే లోపలినుంచి పొడుస్తుంది. మనకా బాధ లేదు.

> తెల్లటి పూత, దాని మీద యాసిడ్
>
> కొత్తగా పరిచిన బండల మీద తెల్లటి మరకలు తేలితే చాలామంది రాయిని తిడతారు. అది రాయిది కాదు, సిమెంటుది. సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. కింద తడి ఉంటే ఆ సున్నపు నీళ్లు దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు రాయి సందుల గుండా పైకెక్కుతాయి. పైన నీళ్లు ఆవిరైపోతాయి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లగా గట్టిపడుతుంది. వెల్లవేసిన గోడ గట్టిపడేదీ ఈ దారినే.
>
> దాన్ని వదిలించడానికి బాత్రూం యాసిడ్ పోస్తారు. నురగ వస్తుంది, మరక పోతుంది, సంతోషం. కానీ గట్టిపడిన ఆ తెల్లపూతా సున్నపురాయీ రసాయనపరంగా ఒకటే పదార్థం. యాసిడ్‌కు మరకేదో బండేదో తెలియదు, రెండింటినీ తింటుంది. గ్రానైటు మీద అయితే రాయికి అంత ముప్పు లేదు. తాండూరు, నాపరాళ్ల మీద మాత్రం ఓపిక పట్టి, నీళ్లతో గట్టిగా రుద్ది కడగడమే మేలు. కింద తడి తగ్గితే పూత రావడమూ తగ్గుతుంది.

సందు వదలడం

ఎండకు రాయి పెరుగుతుంది. పది మీటర్ల వాకిలి, చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ మధ్య నలభై డిగ్రీల తేడాలో, రెండు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ కాస్తకు చోటు లేకుండా ప్రహరీ నుంచి వరండా మెట్టు దాకా బిగించి వేస్తే, నడుమ రెండు బండలు ఇంటికప్పులా ఎత్తుకు లేస్తాయి. గోడ వెంబడి వేలు మందం సందు వదిలి మెత్తటి సీలెంటుతో నింపితే సరి.

నీళ్లు ఎటు పోవాలి?

ఇంతకుముందు చెప్పినవన్నీ తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తాయి. వెయ్యి చదరపు అడుగుల వాకిలి మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే నాలుగున్నర వేల లీటర్ల పైమాట. ఎండాకాలంలో డబ్బిచ్చి తెప్పించుకునే ట్యాంకరుకు కొంచెం తక్కువ. అది గంటలో దిగిపోవాలి. అయిదడుగులకు అంగుళం వాలు ఉంటే గరుకు బండ మీద కూడా నీళ్లు ఆగవు. వాలు ఇంటివైపు కాకుండా బయటివైపు ఉండాలని వేరే చెప్పాలా? చెప్పాలి. ఎన్ని ఇళ్లలో వరండా మెట్టు దగ్గర మడుగు చూడలేదు!

వీధిలోకి తోసేస్తే మన బాధ్యత తీరిందా? 2007 వేసవి వరదల తరవాత ఇంగ్లండు ఈ ప్రశ్నను చట్టంలోకి తెచ్చింది. 2008 అక్టోబరు 1 నుంచి ఇంటి ముందు అయిదు చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని పరుపు వేసి, ఆ నీళ్లను వీధిలోకి వదలాలంటే అనుమతి కావాలి. నీరు ఇంకే పరుపు వేసినా, నీళ్లు పక్కనున్న పాదులోకి మళ్లేట్టు చేసినా అక్కర్లేదు. లండన్ శివార్లలో ఇల్లు కొని, ముందున్న గడ్డి తీయించి కారుకు చోటు చేసుకునే మనవాళ్లకు ఈ రూలు త్వరలోనే పరిచయమవుతుంది. ఇంకే పరుపంటే పెద్ద మాయేం కాదు. బండల మధ్య వెడల్పు సందులు వదిలి సిమెంటు బదులు సన్న చిప్స్ నింపడం, కింద సన్నపొడి లేని కంకర వేయడం. కంకర రాళ్ల మధ్య ఖాళీల్లో వాన కాసేపు నిలిచి మెల్లగా ఇంకుతుంది. అయితే నల్లరేగడిలో ఇది పనికిరాదు, పుస్తకానికి మనమే నీళ్లు పోసినట్టవుతుంది. మాకు ఇంకుడు గుంతే దారి, అదీ వాకిలికీ గోడకూ దూరంగా.

పాలమూరు మేస్త్రి పన్నెండు రోజులు పని చేశాడు. అందులో తొమ్మిది రోజులు బండల ఊసే లేదు. తవ్వడం, మొరం, నీళ్లు, దిమ్మిస, కంకర, మళ్లీ దిమ్మిస. నందివర్ధనం పాదును అడుగున్నర దూరం జరిపాడు. పాత బండల్లో పగలనివి కారు దారి బయట వేసి, చక్రాలు పోయే చోటికి మందపు రాయి తెప్పించాడు. పని అయిన వారానికి, నీళ్లు పెట్టడమూ పూర్తయ్యాక, రెండు బకెట్లు నింపుకొచ్చి వరండా మెట్టు మీద నుంచి ఒక్కసారిగా కుమ్మరించాడు. నీళ్లు జరజరా గేటు వైపు పాకాయి. ఒకచోట మాత్రం అరచెయ్యంత మేర ఆగాయి. ఆయన బీడీ ఆర్పి, దాని చుట్టూ సుద్దతో గీత గీసి, "రేపు ఈ బండ లేపుదం సార్" అన్నాడు.